ఎంఎస్ ఒక్కటే చాలా, ఎంబీఏ కూడా కలపాలా?

అమెరికాలో బిజినెస్ అనలిటిక్స్ ఎంఎస్‌కు సీటు వచ్చాక, దానితోపాటే ఎంబీఏ కూడా చేసుకోవచ్చన్న సంగతి మన పిల్లలకు కన్సల్టెన్సీలోనో, సీనియర్ల వాట్సాప్ గ్రూపులోనో తెలుస్తుంది. డాలస్ పక్కన రిచర్డ్‌సన్‌లో ఉన్న యూటీ డాలస్ లాంటి చోట్ల ఈ జోడీ ఉంది. అక్కడ మనవాళ్ళు ఎక్కువ కాబట్టి మాట త్వరగా పాకుతుంది. ఇంకో ఏడాది ఓపిక పడితే రెండు మాస్టర్స్ పట్టాలు అంటే ఏ తల్లిదండ్రులకైనా ఆశ పుడుతుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బీటెక్, బీకామ్ కాగానే నేరుగా విమానం ఎక్కేవాళ్ళకు ఎంఎస్ ఒక్కటే మేలు. మూడు నాలుగేళ్ళు ఉద్యోగం చేసి వెళ్ళేవాళ్ళలో కొందరికి మాత్రం డ్యూయల్ డిగ్రీ నిజంగా పనికొస్తుంది.

చదువు లెక్క ఇలా ఉంటుంది. ఎంఎస్ అంటే చాలా చోట్ల 30 నుంచి 36 క్రెడిట్లు. సెమిస్టర్‌కు 9 చొప్పున చదివితే నాలుగు సెమిస్టర్లు. రెండూ కలిపి చేస్తే ఉమ్మడి సబ్జెక్టులు పోను మొత్తం 60 పైచిలుకు అవుతుంది. అంటే ఇంచుమించు మూడేళ్ళు, వేసవిలో కూడా క్లాసులు తీసుకుంటే కాస్త తక్కువ. విడివిడిగా రెండు డిగ్రీలు చేయడంతో పోలిస్తే ఇది కచ్చితంగా చవకే. అయితే మనం పోల్చాల్సింది రెండు విడి డిగ్రీలతో కాదు, ఒక్క ఎంఎస్‌తో.

చాలామంది పొరపాటు పడేది ఓపీటీ దగ్గర, అంటే చదువు అయ్యాక విద్యార్థి వీసా మీదే ఉద్యోగం చేసుకునే అనుమతి దగ్గర. రెండు డిగ్రీలు కాబట్టి రెండు ఓపీటీలు వస్తాయనుకుంటారు. రావు. ఓపీటీ 12 నెలలు అనేది డిగ్రీ స్థాయికి ఒకసారి ఇచ్చేది. ఎంఎస్, ఎంబీఏ రెండూ మాస్టర్స్ స్థాయే కాబట్టి రెండింటికీ కలిపి ఒక్కటే. ఆ పైన వచ్చే 24 నెలల స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) పొడిగింపు కూడా జోడీలో స్టెమ్ డిగ్రీ ఉన్నందుకే వస్తుంది, ఎంబీఏ కలిపినందుకు కాదు. ఒక్క ఎంఎస్ చేసినవాడికీ మొత్తం 36 నెలలే, రెండూ చేసినవాడికీ 36 నెలలే. ఉద్యోగ వీసా అయిన హెచ్-1బీ లాటరీలోనూ అంతే. మామూలు కోటా 65,000 కాక అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి విడిగా 20,000 ఉన్నాయి. ఆ రెండో వరుసలో నిలబడడానికి ఒక మాస్టర్స్ చాలు. రెండోది ఉన్నంత మాత్రాన అక్కడ ఒరిగేదేమీ లేదు.

యూనివర్సిటీ వీసా కోసం ఇచ్చే పత్రం ఐ-20 చేతికి రాగానే మొదటి పేజీలో చదివే కోర్సు వివరాలు ఉన్న భాగం చూడండి. మేజర్ 1, మేజర్ 2 అని ఉంటాయి. వాటి పక్కనే, కోర్సు ఏ రంగానిదో చెప్పే ఆరు అంకెల సీఐపీ కోడ్ ఉంటుంది. ఒకే డిగ్రీ అయితే మేజర్ 2 దగ్గర ఏమీ లేదని రాసి, కోడ్ చోట అన్నీ సున్నాలు వేస్తారు. బిజినెస్ అనలిటిక్స్‌కు 30.7102, మేనేజ్‌మెంట్ సైన్స్‌కు 52.1301 కనబడితే స్టెమ్ జాబితాలో ఉన్నట్టే. మామూలు ఎంబీఏకు వేసే 52.0201 అందులో లేదు. ఎంఐఎస్ (మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్) పేరుతో నడిచే కోర్సుల్లో 52.1201 కోడ్ వేసినవీ ఆ జాబితాలోకి రావు. కోర్సు పేరులో సిస్టమ్స్ అనో టెక్నాలజీ అనో ఉంది కదా అని నమ్మకండి, కోడే చూడండి. ఇంకో మెలిక కూడా ఉంది. స్టెమ్ పొడిగింపులో చేసే ఉద్యోగం స్టెమ్ డిగ్రీకి నేరుగా సంబంధించినదై ఉండాలి. ఎంబీఏ చూసి బ్రాండ్ మేనేజర్ ఉద్యోగం ఇచ్చిన కంపెనీ, ఆ పనికి అనలిటిక్స్‌తో ఉన్న సంబంధాన్ని స్టెమ్ పొడిగింపుకు నింపే శిక్షణ ప్రణాళిక ఐ-983 ఫారంలో చూపించలేకపోతే మొదటి 12 నెలలతోనే ఆట కట్టు.

ఇక డబ్బు. ఎంఎస్‌కు 40 లక్షల అప్పు తీసుకున్నారనుకుందాం, వడ్డీ 10 శాతం. మూడో ఏడాది ఫీజు, అద్దె, తిండి, ఇన్సూరెన్స్ కలిపి ఇంకో 15 లక్షలు వేసుకోండి. ఆ ఏడాది పాత 40 లక్షల మీదే 4 లక్షల వడ్డీ పెరుగుతుంది. చదువుకునే కాలంలో ఈఎంఐ కట్టక్కర్లేదని బ్యాంకు చెప్పేది నిజమే గానీ, వడ్డీ మీటరు ఆగదు. దాని పైన ఒక ఏడాది జీతం వదులుకున్నట్టు. అన్నీ కలిపితే తడిసి మోపెడవుతుంది. దీనికి తోడు ఎవరూ లెక్కలోకి తీసుకోని చిన్న విషయం ఒకటి. విద్యార్థి వీసా అయిన ఎఫ్-1 మీద ఉన్నవారికి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్ను సాధారణంగా ఐదు క్యాలెండర్ సంవత్సరాల వరకే మినహాయింపు. ఆగస్టులో దిగినా ఆ సంవత్సరం మొత్తం లెక్కలో పడిపోతుంది. చదువు ఒక ఏడాది సాగితే, ఉద్యోగం చేసే రోజుల్లో జీతంలో 7.65 శాతం ఉండే ఆ పన్నులు ఒక ఏడాది ఎక్కువ కడతారు.

మరి మూడో ఏడాదితో వచ్చే లాభం ఏమీ లేదా అంటే, ఉంది. రెండో వేసవి. సీపీటీ, అంటే చదువు మధ్యలో కోర్సులో భాగంగా పనిచేసే అనుమతి మీద ఇంటర్న్‌షిప్ చేయాలంటే మామూలుగా ముందు ఒక విద్యా సంవత్సరం పూర్తి కావాలి. రెండేళ్ళ ఎంఎస్‌లో దానికి దొరికేది ఒకే ఒక్క వేసవి. ఆ ఒక్కసారి ఇంటర్న్‌షిప్ తప్పిపోతే రెజ్యూమేలో అమెరికా అనుభవమే లేకుండా ఉద్యోగాల వేటకు దిగాలి. డ్యూయల్‌లో ఇంకో అవకాశం ఉంటుంది. మార్కెట్ డల్‌గా ఉన్న ఏడాదిలో పట్టా పుచ్చుకునే ప్రమాదం కూడా కొందరికి తప్పుతుంది. ఈ లాభాన్ని నేను తక్కువ చేయను. ఫుల్‌టైమ్ సీపీటీ మాత్రం మొత్తం 12 నెలలు కాకుండా చూసుకోవాలి. అంత అయితే ఆ స్థాయిలో ఓపీటీయే పోతుంది.

ఫ్రెషర్లకు నేను వద్దనడానికి అసలు కారణం ఎంబీఏ స్వభావం. కన్సల్టింగ్, ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్, లీడర్‌షిప్ ప్రోగ్రాములు అంటూ ఎంబీఏలకు ఇచ్చే మంచి ఉద్యోగాల్లో కంపెనీలు చూసేది అంతకు ముందు చేసిన పని. అది లేని కుర్రాడు రెండు పట్టాలతో వెళ్ళినా, పక్కన ఎంఎస్ ఒక్కటే చేసినవాడు కూర్చున్న డేటా అనలిస్ట్ ఇంటర్వ్యూకే వెళ్తాడు. అక్కడ అడిగేది ఎస్‌క్యూఎల్, పైథాన్. క్లాసులో కేస్ స్టడీ చర్చ నడుస్తున్నప్పుడు కూడా, ఒక టీమ్‌ను నడిపిన అనుభవం ఉన్నవాడికి అందేది వేరు, లేనివాడికి అందేది వేరు.

ఎంఎస్ ఇప్పుడు, ఎంబీఏ తర్వాత అన్నది ఇంకో దారి. హెచ్-1బీ వచ్చాక ఉద్యోగం చేస్తూ సాయంత్రం క్లాసులకు వెళ్ళి చదువుకోవచ్చు. ఉద్యోగి చదువుకు కంపెనీ ఇచ్చే సాయం ఏడాదికి 5,250 డాలర్ల వరకు పన్ను లేకుండా ఉంటుంది. అప్పటికి అనుభవమూ ఉంటుంది కాబట్టి ఫ్రెషర్లకు అన్నిటికన్నా ఇదే మంచి దారి అని నా నమ్మకం. హెచ్-1బీ వస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరన్నది నిజం. రాకపోతే, ఓపీటీ అయిపోయాక ఎంబీఏలో చేరినా అదే స్థాయి డిగ్రీ కాబట్టి కొత్త ఓపీటీ రాదు. అలాంటప్పుడు మొదటి రోజు నుంచే సీపీటీ ఇస్తామనే కాలేజీల వైపు మనవాళ్ళు పరుగెత్తుతున్నారు. తర్వాత హెచ్-1బీ ఫైల్ చేసేటప్పుడు ఆ సీపీటీ మీద ప్రశ్నలు వచ్చే అవకాశం ఉంది, జాగ్రత్త. అమెరికాలో ఎఫ్-1 మీదే రెండు మాస్టర్స్ చేయాలని గట్టిగా అనుకున్నవాళ్ళు విడివిడిగా చేసేకన్నా కలిపి చేయడమే సబబు.

ఇంతకీ డ్యూయల్ ఎవరికి? హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో నాలుగేళ్ళు టెస్టింగో సపోర్టో చేసి, ఇక ప్రొడక్ట్ వైపో కన్సల్టింగ్ వైపో మళ్ళాలనుకునేవాళ్ళకు. వాళ్ళకు ఎంఎస్ స్టెమ్ కాలాన్ని ఇస్తుంది, ఎంబీఏ కొత్త ఉద్యోగాల తలుపు తీస్తుంది. వాళ్ళు కూడా ముందు ఇంకో సంగతి చూడాలి. రోచెస్టర్‌లోని సైమన్, బర్కిలీలోని హాస్ లాంటి స్కూళ్ళు ఎంబీఏనే స్టెమ్‌గా ఇస్తున్నాయి. అలాంటి చోట సీటు వస్తే జోడీ అవసరమే ఉండదు, రెండేళ్ళలో పని అయిపోతుంది.

డ్యూయల్‌కే వెళ్తున్నవారు యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకు మెయిల్ పెట్టి కొన్ని జవాబులు రాతపూర్వకంగా తెప్పించుకోండి. రెండు కోడ్‌లూ ఐ-20 మీద ఉంటాయా? ఒక డిగ్రీ ముందే పూర్తయితే ఓపీటీ గడువు ఎప్పటి నుంచి లెక్కిస్తారు? మధ్యలో డబ్బు సరిపోక ఎంబీఏ వదిలేస్తే, ఎంఎస్ ఒక్కదానితో బయటపడే వీలుందా? వీటిలో మూడోది తప్పనిసరిగా అడగండి. మొదటి ఏడాది చివర్లో మంచి ఆఫర్ చేతికొచ్చి, ఎంఎస్‌తో ఆపేయాలనుకునేవాళ్ళకు కూడా ఆ జవాబే కావాలి.