సోనీ ఏ6700: ఫొటోకీ వీడియోకీ ఒకటే బాడీ అంటే నా ఓటు దీనికే, కాకపోతే కండిషన్స్ ఉన్నాయి

ఫొటోలూ కావాలి వీడియోలూ కావాలి, రెండు కెమెరా బాడీలు కొనేంత డబ్బుల్లేవు, ఏది తీస్కోమంటావ్ అని ఎవరడిగినా నేను తిరిగి అడిగేది ఒకటే, ఒకే ఫంక్షన్లో ఫొటో నుంచి వీడియోకి ఎన్నిసార్లు మారతారు? అందరూ మెగాపిక్సెల్స్ ఎన్ని, 4కేలో ఎన్ని ఫ్రేములు అని చూస్తారు గానీ అసలు తేడా తెలిసేది తలంబ్రాల టైంలో. ఫొటో తీస్తున్నప్పుడు షట్టర్ స్పీడ్ 1/250 సెకను మీద ఉంటది, వీడియోకి రాగానే 1/50 కావాలి, ఐఎస్ఓ (వెలుతురుని ఎంత పెంచి చూపించాలనే సెట్టింగ్) దానికి తగ్గట్టు మారాలి, వైట్ బ్యాలెన్స్ (లైటుని బట్టి రంగులు సరిచేసేది) కదలకుండా ఉండాలి, మనం ఇవన్నీ ఒక్కోటీ తిప్పుకునేలోపు పళ్ళెంలో తలంబ్రాలు అయిపోయి పంతులుగారు తర్వాతి తంతుకి వెళ్ళిపోతారు.

సోనీ ఏ6700లో నాకు ముందు నచ్చింది ఈ మారడం తేలిగ్గా ఉండటమే. మోడ్ డయల్ కింద ఇంకో చిన్న డయల్ ఉంది, ఫొటో, వీడియో, స్లో మోషన్ అని మూడే మూడు. అది తిప్పగానే ఆ పనికి మనం పెట్టుకున్న షట్టర్, అపర్చర్, ఐఎస్ఓ అన్నీ వచ్చేస్తాయి, వెనక్కి తిప్పితే ఫొటోవి ఎక్కడివక్కడే ఉంటాయి. ఏవి వేరువేరుగా గుర్తుంచుకోవాలి ఏవి రెండిటికీ ఒకటే ఉండాలి అనేది కూడా మెనూలో మనమే టిక్ పెట్టుకోవచ్చు. 2019లో వచ్చిన ఏ6600లో ఈ డయల్ లేదు, కనీసం చూపుడువేలు దగ్గర ముందు డయల్ కూడా లేదు. 2023 జులైలో ఏ6700 అనౌన్స్ చేసినప్పుడు అందరూ ఏఐ ఆటోఫోకస్ గురించే మాట్లాడారు, ఈ డయల్ గురించి పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, నన్నడిగితే డబ్బులు దీనికే పెట్టొచ్చు.

ఆటోఫోకస్ బాలేదని కాదు లెండి, అది నిజంగానే బావుంది. మొహం, కళ్ళే కాకుండా మనిషి తల, భుజాలు, నిలబడే తీరు కూడా గుర్తుపడుతుంది కాబట్టి పెళ్ళికూతురు తల దించుకుని కూర్చున్నా, ఎవరో పెద్దాయన మధ్యలోంచి అడ్డంగా నడుచుకుంటూ పోయినా మళ్ళీ ఆమె మీదకే వచ్చేస్తుంది. వీడియోలో ఫోకస్ లాగడానికి మనిషి లేని సోలో వాళ్ళకి ఇది చాలా పెద్ద విషయం.

వీడియో క్వాలిటీ సంగతి. 26 మెగాపిక్సెల్ సెన్సర్, 6కే అంత డేటా చదివి 4కేకి కుదించి ఇస్తుంది కాబట్టి పట్టుచీర జరీ, గుడి గోపురం బొమ్మలు లాంటివి చాలా షార్ప్ గా వస్తాయి. 4కే 50 ఫ్రేములు క్రాప్ లేకుండా వస్తాయి. 100 ఫ్రేములకి వెళ్తే మాత్రం 1.58 రెట్లు క్రాప్, సెన్సర్ మధ్య భాగమే వాడుకుంటుంది, అంటే చిన్న హాల్లో వైడ్ యాంగిల్ ఆశ వదిలేసుకోవాలి. కొత్తవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి, మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, అందుకని కెమెరా మెనూలో పాల్ (50 హెర్ట్జ్ దేశాల వీడియో పద్ధతి) పెట్టి 25 గానీ 50 గానీ ఫ్రేముల్లో తీయండి, షట్టర్ 1/50 లేదా 1/100, లేకపోతే ట్యూబ్ లైట్ల కింద వీడియో మిణుకుమిణుకుమంటది. అలాగే కళ్యాణ మండపంలో ఎల్ఈడీ లైట్ల కింద ఫొటోలకి సైలెంట్ షట్టర్ వాడొద్దు, అడ్డంగా చారలు పడతాయి, మెకానికల్ షట్టరే పెట్టండి.

రంగుల విషయంలో ఎస్-సినీటోన్ అనే సోనీ రెడీమేడ్ కలర్ ప్రొఫైల్ పెట్టుకుంటే ఎడిటింగ్ లో పెద్దగా పని లేకుండానే మన ఒంటి రంగు బానే వస్తుంది. కాకపోతే హల్దీ ఫంక్షన్లో చుట్టూ బంతిపూలు, పసుపు, పచ్చ గుడ్డలు ఉంటే ఆటో వైట్ బ్యాలెన్స్ ని నమ్మడం కష్టం, ఏ కెమెరాకైనా అంతే, కెల్విన్ అంకె (లైటు రంగు కొలత) మీరే పెట్టి లాక్ చేసేయండి. ఎస్-లాగ్3 (తర్వాత ఎడిటింగ్ లో రంగులు దిద్దుకోవడానికి బూడిదగా తీసే ప్రొఫైల్) జోలికి వెళ్ళేముందు ఆలోచించండి, దాని బేస్ ఐఎస్ఓ 800, మన మధ్యాహ్నం ఎండలో 1/50 షట్టర్ తో తీయాలంటే ఎన్డీ ఫిల్టర్ (లెన్స్ కి పెట్టే నల్లద్దం లాంటిది) లేకుండా కుదరదు, గ్రేడింగ్, అంటే రంగులు దిద్దడం, రాకపోతే ఆ బూడిద రంగు ఫుటేజ్ తో తల పట్టుకుంటారు.

ఇప్పుడు కండిషన్స్. లోపల ఫ్యాన్ లేదు. 4కే 50లో ఆపకుండా తీస్తూ పైనుంచి మే నెల ఎండ కొడుతుంటే వేడెక్కి ఆగిపోయే ఛాన్స్ ఉంటుంది. మెనూలో ఆటో పవర్ ఆఫ్ టెంపరేచర్ ని హై లో పెట్టడం, స్క్రీన్ ని బాడీకి దూరంగా తిప్పి ఉంచడం, అవసరం లేనిచోట 25 ఫ్రేములకి దిగడం, ఇవి చేస్తే చిన్న చిన్న క్లిప్స్ తీసేవాళ్ళకి ఇబ్బంది ఉండదు. కానీ రెండు గంటల కూచిపూడి అరంగేట్రం ట్రైపాడ్ మీద పెట్టి ఏకబిగిన రికార్డ్ చేయడం మీ పనైతే ఇది వద్దు, పానాసోనిక్ ఎస్5 మార్క్ 2 చూడండి, దాంట్లో ఫ్యాన్ ఉంది, పెద్ద హెచ్డీఎమ్ఐ పోర్ట్ ఉంది, రెండు కార్డ్ స్లాట్లూ ఉన్నాయి. బరువు మాత్రం 740 గ్రాములు, దీనిది 493, పైగా ఫుల్ ఫ్రేమ్ లెన్సులు కూడా బరువే, సాయంత్రానికి మెడ చెప్తుంది.

ఏ6700లో కార్డ్ స్లాట్ ఒక్కటే, కార్డు పాడైతే రెండో కాపీ ఉండదు. పెళ్ళి ఆర్డర్లకి ఇదొక్కటే పట్టుకెళ్ళడమంటే స్టెప్నీ లేకుండా శ్రీశైలం ఘాట్ ఎక్కినట్టే. ఫోకస్ పాయింట్ జరపడానికి జాయ్ స్టిక్ లేదు, వ్యూఫైండర్ 23.6 లక్షల డాట్లు, ఈ రేటుకి ఇంకొంచెం మంచిది ఇవ్వాల్సింది. బ్యాటరీ ఎఫ్‌జడ్100, కంపెనీ లెక్క ప్రకారం 570 ఫొటోలు, వీడియో కలిస్తే ఇంకోటి దగ్గరుంచుకోండి. యూఎస్బీ-సీ నుంచి పవర్ ఇస్తూ కూడా తీయొచ్చు.

షాపులో ఎవరూ చెప్పని ఖర్చు కంప్యూటర్ ది. ఇందులో 10 బిట్ 4:2:2 (రంగుల వివరం ఎక్కువుండే రకం) హెచ్.265 (బాగా కుదించే ఫార్మాట్)లో తీస్తే పాత ల్యాప్టాప్ మీద టైంలైన్ కదలదు. ఎన్విడియా కార్డుల్లో 50 సిరీస్ నుంచే 4:2:2ని హార్డ్‌వేర్ లో డీకోడ్ చేస్తున్నాయి, అంతకుముందువాటికి లేదు. ఇంటెల్ 11వ జనరేషన్ నుంచి లోపలుండే గ్రాఫిక్స్ గానీ ఆపిల్ ఎమ్ చిప్ గానీ ఉంటే పర్లేదు. లేదంటే కెమెరాలోనే ప్రాక్సీ రికార్డింగ్ (ఎడిటింగ్ కోసం పక్కనే చిన్న సైజు కాపీ కూడా తీయడం) ఆన్ చేసుకోండి. 200 ఎంబీపీఎస్ లో తీస్తే గంటకి 90 జీబీ అవుద్ది, హార్డ్ డిస్కుల ఖర్చు కూడా ఇప్పుడే లెక్కేసుకోండి.

లెన్స్ అయితే సిగ్మా 18-50 ఎఫ్2.8, ఇంక ఆలోచించొద్దు. 300 గ్రాములు కూడా ఉండదు, లెన్స్ లో స్టెబిలైజేషన్ (చేతి వణుకు తగ్గించేది) లేదు గానీ బాడీలో ఉంది కాబట్టి చేత్తో నిలబడి తీయడానికి సరిపోద్ది. నడుస్తూ తీయాలంటే మాత్రం గింబల్ (కుదుపు రాకుండా కెమెరాని పట్టుకునే మోటార్ స్టాండ్) కావాల్సిందే.

దీని బదులు సోనీదే జడ్‌వీ-ఈ10 మార్క్ 2 తీస్కోవచ్చా, సెన్సర్ అదేగా అంటారు. వీడియోకే అయితే తీస్కోండి. కానీ దాంట్లో మెకానికల్ షట్టర్ లేదు, వ్యూఫైండర్ లేదు, బాడీ స్టెబిలైజేషన్ లేదు, ఫొటోలు కూడా సీరియస్ గా తీసేవాళ్ళకి అది సగం కెమెరానే. ఫుజీ ఎక్స్-ఎస్20 మాత్రం గట్టి పోటీ. 6.2కే ఓపెన్ గేట్ ఉంది, అంటే సెన్సర్ మొత్తం రికార్డ్ చేసి ఒకే క్లిప్ నుంచి అడ్డం వీడియో, నిలువు రీల్ రెండూ కోసుకోవచ్చు, కెమెరాలోంచి నేరుగా వచ్చే జేపెగ్ రంగులు సోనీకన్నా నాకు ఎక్కువ నచ్చుతాయి, ఫ్యాన్ కూడా విడిగా తగిలించుకోవచ్చు. కదిలే మనుషుల మీద వీడియో ఫోకస్ దగ్గరే సోనీ ముందుంటుంది. ఇంట్లో కూర్చుని వంటల వీడియోలు, రీల్స్, ఊళ్ళు తిరిగి ఫొటోలు మీ లైను అయితే ఫుజీకే వెళ్ళండి. పిల్లలు, ఫంక్షన్లు, జాతరలు, ఊరేగింపులు అయితే ఏ6700 తీసుకుని, మిగిలిన డబ్బులో ముందు ఆ సిగ్మా లెన్స్, తర్వాత వీ60 (వీడియో రాసే స్పీడ్ గ్రేడ్) మెమరీ కార్డు ఒకటి, మైక్ సంగతి జీతం పడ్డాక.