‘గూడ్స్ రిసీవ్డ్’ అన్న ఆరెంజ్ చీటీ: నాలుగేళ్ల ఈవెంట్‌స్టార్మింగ్ వాడకం

ఈవెంట్‌స్టార్మింగ్ అంటే సాఫ్ట్‌వేర్ రాసేముందు వ్యాపారం తెలిసినవాళ్లూ డెవలపర్లూ కలిసి, ఆ వ్యాపారంలో జరిగేవాటిని రంగు చీటీల మీద రాసి గోడకి కాలం వరసలో అతికించడం. ఏ రంగు చీటీ దేనికో, గదిలో కుర్చీలు ఎందుకు ఉండకూడదో మళ్లీ వివరంగా చెప్పక్కర్లేదు. అల్బెర్టో బ్రాండొలీనీ 2013లో ఈ పద్ధతిని బయటపెట్టినప్పటి నుంచీ ఆ సంగతులు చాలామంది రాశారు. నాలుగేళ్ల వాడకం తర్వాత చెప్పదగింది ఒక్కటుంది. ఈ పద్ధతి బలమంతా జరిగిన ఘటనని రాసే ఆరెంజ్ చీటీలోనే ఉంది, మన దగ్గర దాన్ని ఇంగ్లీషులో రాయించి ఆ బలంలో సగం పోగొట్టుకుంటున్నాం.

ఒక టోకు మందుల గోడౌన్‌కి స్టాక్ సాఫ్ట్‌వేర్ గీసిన గదినే తీసుకోండి. మొత్తం పదకొండు మంది: ఆరుగురు డెవలపర్లు, ఇద్దరు టెస్టర్లు, గోడౌన్ సూపర్‌వైజరు, అకౌంటెంటు, ఫార్మసిస్టు. గోడకి ఎనిమిది మీటర్ల పేపరు. మొదటి ఇరవై నిమిషాల్లో నూట నలభై చీటీలు పడ్డాయి, అందులో ఐదింటి మీద ‘గూడ్స్ రిసీవ్డ్’ అనే ఉంది. కాలం వరసలో సర్దేటప్పుడు ఒకేలా ఉన్నవాటిని ఒకదాని మీద ఒకటి అతికించేస్తాం కదా, ఈ ఐదూ అలాగే ఒకటయ్యాయి. ఎవరూ అడ్డు చెప్పలేదు. పక్కన నియమం రాసే లైలాక్ చీటీ పడింది: సరుకు వస్తే అమ్మకపు స్టాక్ పెంచాలి. కోడ్ కూడా అలాగే రాశారు.

రెండు వారాల తర్వాత పాత బిల్లులతో పరీక్షిస్తే స్టాక్ మైనస్‌లోకి పోయింది. గడువు దగ్గరపడిన బ్యాచ్‌ని కంపెనీకి వెనక్కి పంపారు, అది పోయేలోపే సేల్స్ వాళ్లు దాని మీద ఆర్డరు తీసేసుకున్నారు. తప్పు కోడ్‌లో లేదు. ఆ ఐదు చీటీలను ఒకటి చేసిన చేతిలో ఉంది.

ముగ్గురినీ మళ్లీ గోడ దగ్గరికి పిలిచి, ‘ఏం చూస్తే సరుకు వచ్చిందంటారు సార్?’ అని విడివిడిగా అడిగితే తేలింది. సూపర్‌వైజరుకి లారీ ఖాళీ అయి పెట్టెల లెక్క సరిపోతే వచ్చినట్టు. ఫార్మసిస్టుకి బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ చూసి ర్యాక్‌లో పెడితేనే. అకౌంటెంటుకి ఆ రెండింటితో పనిలేదు, ‘బిల్లు ఎక్కందే నాకు వచ్చినట్టు కాదండి’. వాళ్ల నోట ఇవి వేరువేరు మాటలే: సరుకు దిగింది, ర్యాక్‌కి ఎక్కింది, బిల్లు ఎక్కింది. గోడౌన్‌లో రోజూ అలాగే అంటారు. మార్కరు చేతికివ్వగానే ముగ్గురూ కంప్యూటరు వాళ్లకి అర్థమయ్యేలా రాద్దామని ఇంగ్లీషులోకి మారారు, ముగ్గురికీ దొరికింది ఒకే మాట. వ్యాపారం వాళ్లూ కోడ్ రాసేవాళ్లూ ఒకే భాష మాట్లాడాలని ‘డొమైన్-డ్రివెన్ డిజైన్’ పుస్తకం రాసిన ఎరిక్ ఎవాన్స్ 2003 నుంచీ చెబుతున్నాడు. అది ఎవరి భాష కావాలన్న దగ్గర మనం జారిపోతున్నాం.

అప్పట్నుంచి వాడుతున్న పద్ధతి ఇది. మొదటి పది నిమిషాలు మాటల్లేకుండా రాయడం, నోటికి ఏ మాట వస్తే అదే, తెలుగు లిపిలోనే. ఒక చీటీ మీద ఒకే క్రియ. ‘చేయాలి’, ‘చూడాలి’ అని ఉంటే అది ఇంకా జరగలేదు, పక్కన పెట్టి మళ్లీ రాయమంటాం. ఒకే మాట ఉన్న చీటీలు రెండు కనబడితే కలపం. చేతివెడల్పు దూరంలో పక్కపక్కనే ఉంచి, రాసినవాళ్లని ఆ పైప్రశ్న అడుగుతాం. జవాబుగా చూపించే వస్తువు ఒకటే అయితే, అంటే అదే గేట్‌పాసో అదే బిల్లో అయితే, అప్పుడు కలుపుతాం. వస్తువులు వేరైతే ఘటనలూ వేరే. ఇద్దరూ పట్టు విడవకపోతే, తేలని సంగతికి గుర్తుగా మెజెంటా చీటీ పెట్టి ముందుకు సాగడమే, అక్కడ తీర్పు చెప్పడం ఫెసిలిటేటర్ (గదిని నడిపే మనిషి) పని కాదు. చివర్లో కుడి నుంచి ఎడమకి వెనక్కి నడుస్తూ ‘ఇది జరగాలంటే అంతకుముందు ఏం జరిగుండాలి?’ అని అడిగేది మాత్రం ఎంత ఆలస్యమైనా మానకూడదు. మందుల గోడౌన్‌లో గడువు చూసే అడుగు కనబడింది ఆ నడకలోనే. మొదటిసారి టైమ్ లేదని దాన్నే వదిలేశారు.

తెలుగులో రాస్తే చాలు, అన్నీ తేలిపోతాయని మొదట్లో అనిపిస్తుంది. అంత లేదు. మన ‘అయింది’ పెద్ద దొంగ. ‘పేమెంట్ అయింది’ అంటే కస్టమరు ఫోన్‌లో పచ్చ టిక్కు పడినట్టా, బ్యాంకులో జమైనట్టా, అకౌంటెంటు లెక్క సరిచూసుకున్నట్టా? ఎవరు చేశారో చెప్పకుండా పని ముగించే సౌకర్యం ఆ ‘అయింది’లో ఉంది. అది కనబడిన చీటీకి ఎవరు, దేంతో అన్నవి అడిగి క్రియ మార్పించాలి. పైగా హైదరాబాద్ ఆఫీసుల్లో తెలుగు రాని ఇంజినీర్లు ఉంటారు, తెలుగు మాట్లాడినా గబగబా రాయలేని కుర్రాళ్లూ ఉంటారు. అలాంటి గదిలో వ్యాపారం తెలిసినవాళ్ల చీటీలు మాత్రమే తెలుగులో ఉంచి, కింద చిన్న అక్షరాల్లో అర్థం రాయిస్తే నడుస్తుంది. కాస్త నెమ్మదిస్తుంది, అంతే.

ఇక ఇది నేర్చుకునే దారి. చదివితే రాదు, తోటి ఫెసిలిటేటర్ల గుంపు కావాలి. నలుగురైదుగురు చాలు. నెలకోసారి తొంభై నిమిషాలు: ఒకరు నడుపుతారు, ఒకరు మాట్లాడకుండా గమనిస్తారు, చివరి ఇరవై నిమిషాలు గమనించినవాళ్లవి. వాళ్ల కాగితం మీద మూడే లెక్కలుండాలి. నడిపేవాళ్లు ఎన్నిసార్లు నోరు తెరిచారు, ఎవరెవరు ఎన్ని చీటీలు పెట్టారు, మార్కరు ఎవరి చేతిలోంచి ఎవరు లాక్కున్నారు. మూడోది చదివి వినిపించినప్పుడు చాలామంది నమ్మరు. అనుభవం ఉన్న డెవలపరు ఫెసిలిటేటర్ అయితే పక్కవాళ్లు వెతుక్కుంటున్న మాటని తనే రాసేస్తాడు, ఆ సంగతి తనకి తెలియదు. ఈ ఒక్క అలవాటు బయటపెట్టించుకోవడానికైనా గుంపు ఉండాలి.

దాని లోటు దానికుంది. అందరం సాఫ్ట్‌వేర్ వాళ్లమే అవడంతో సాధనకి పెళ్లి భోజనాలో బస్సు రిజర్వేషనో తీసుకుంటాం, అందరికీ తెలిసిన విషయం కాబట్టి గొడవే రాదు, గంటలోనే గోడ ముచ్చటగా నిండుతుంది. అది సాధన కాదు, నాటకం. ఎవరి పిన్నిగారో క్యాటరింగ్ నడుపుతుంటే ఆవిడని గంటసేపు కూర్చోబెట్టి చూడండి. ‘వంద ఆకులు’ అంటే వందమంది కాదని, ఎన్ని బంతులు లేస్తాయో తెలియందే సరుకు చీటీ రాయనని ఆవిడ అన్న నిమిషం నుంచే అసలు పని మొదలవుతుంది.

సామాన్ల దగ్గర మోసపోకండి. గోడకి సున్నం ఉంటే టేపు నిలవదు, ముందు రోజే వెళ్లి చూసుకోవాలి. సెలో టేపు రంగుని ఊడదీస్తుంది, మాస్కింగ్ టేపు వాడండి. ఐకియా వాళ్ల బొమ్మలు గీసే పేపరు రోలు సన్నంగా ఉంటుంది, రెండు వరసలు వేయాలి. ప్లాటర్లున్న (పెద్ద డ్రాయింగులు ప్రింటు తీసే మెషీన్లున్న) జెరాక్సు షాపులో 36 అంగుళాల రోలు దొరికితే అదే నయం. చీటీని కింది నుంచి పైకి లాగితే వంకర తిరిగి, ఫ్యాను వేయగానే రాలిపోతుంది. పక్కనుంచి లాగి తీయాలి. పదిమందికి ఆరెంజ్‌వి నాలుగు వందలైనా ఉంచండి, బాల్‌పెన్ను ఎవరికీ ఇవ్వొద్దు.

పెద్దసారు గదిలో ఉంటే మిగతావాళ్లు ఆయన రాసేదాకా ఆగుతారు. ఆయన్ని వెళ్లిపొమ్మనలేం. ఆరెంజ్ ఇవ్వకుండా మెజెంటా కట్ట మాత్రం చేతిలో పెట్టి, ‘మీకు సందేహం ఉన్న చోటే పెట్టండి సార్’ అంటే ఇద్దరి మర్యాదా నిలుస్తుంది.

వాడమని చెబుతానా అంటే, గదిని బట్టి. నేను పనిచేసేవి పదిమంది ఒకచోటికి రాగలిగే చోట్లు, వ్యాపారం తెలిసినవాళ్లు సగం రోజు ఇవ్వగలిగే చోట్లు, కాబట్టి నాకు కలిసొచ్చింది. నలుగురు కూర్చుని ఒక్క ఫీచరు తేల్చుకోవాలంటే మ్యాట్ విన్ చెప్పిన ఎగ్జాంపుల్ మ్యాపింగ్ (ఉదాహరణలతో ఫీచరు తేల్చుకునే పద్ధతి) తీసుకోండి, పాతిక నిమిషాల్లో అయిపోతుంది. అందరూ తలో ఊళ్లో ఉండి ‘మీరో’ (Miro) అనే ఆన్‌లైన్ బోర్డు మీద చేస్తే, ఎదుటివాళ్లు చీటీ పెట్టబోయి ఆగిన చెయ్యి కనబడదు. అక్కడ నా సలహాల్లో సగమే పనికొస్తాయి. గోడని ఫొటోలు తీసి బోర్డులోకి ఎక్కించే పని కొత్త కుర్రాడికి ఇచ్చేటప్పుడు మాత్రం ఒక మాట గట్టిగా చెప్పండి: చీటీ మీద ‘సరుకు దిగింది’ అని ఉంటే ‘సరుకు దిగింది’ అనే టైపు చేయాలని.