మోకాలి ఆపరేషన్‌కి ముందు యూరిన్ కల్చర్ అంటే జాగ్రత్త: మా అమ్మకి జరిగింది

విజయవాడలో మోకాలి చిప్ప మార్పిడికి ప్యాకేజీలు అడుగుతూ తిరుగుతున్నవాళ్ళెవరైనా ఉంటే ఇది చదివాకే అడ్వాన్సు కట్టండి. ఆసుపత్రి పేరు రాయను, నోటీసులకు జవాబులిచ్చే ఓపిక నాకు లేదు.

మా అమ్మకి 71. బీపీ ఉంది, షుగరు లేదు. కుడి మోకాలికి ప్యాకేజీ 1,85,000 అన్నారు, 20,000 కట్టాం. కట్టాక చెప్పారు, టెస్టులు అందులో లేవని. పదిరోజుల కిందట తెనాలిలో చేయించిన రక్తపరీక్షలు, ఈసీజీ చూపిస్తే "బయటివి మా దగ్గర చెల్లవు సార్" అంది కౌంటర్లో అమ్మాయి. అన్నీ మళ్ళీ తీశారు. పైగా థైరాయిడ్, ఊపిరితిత్తుల పరీక్ష, యూరిన్ కల్చర్ (మూత్రంలో బ్యాక్టీరియా ఉందేమో పెంచి చూసే పరీక్ష). బిల్లు 11,400. హిమోగ్లోబిన్, క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), షుగరు, ఈసీజీ ఆ వయసులో చూడాల్సిందే, వాటితో నాకు పేచీ లేదు. దగ్గు, ఆయాసం ఎరగని మనిషి చేత గొట్టంలో ఊదించడం ఎందుకంటే "ప్రోటోకాల్" అన్నారు. ఆ నెలలో ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

అసలు దెబ్బ కల్చర్ దగ్గర తగిలింది. ఈ.కోలై అనే బ్యాక్టీరియా వచ్చింది, లెక్క లక్ష పైన. అమ్మకి మంట లేదు, జ్వరం లేదు, మాటిమాటికీ బాత్రూముకి పరిగెత్తడం లేదు. అయినా "ఇది మోకాలికి పాకితే పెట్టిన కొత్త కీలు మొత్తం తీసెయ్యాలి" అని హడలగొట్టి ఆపరేషన్ వాయిదా వేశారు. అయిదు రోజులు పూటకో ఇంజెక్షన్, ఆపైన వారం మాత్రలు. ఇంజెక్షన్లు అయ్యేలోపే విరేచనాలు పట్టుకున్నాయి. మాత్రలు సగంలో ఉండగా అమ్మ మంచం దిగలేకపోయింది, సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. ఇంతా చేసి రెండో కల్చర్ కూడా పాజిటివే. ఈసారి ఆ బ్యాక్టీరియా మొదట పనిచేసే మందుల్లో రెండింటికి లొంగడం లేదని రిపోర్టు. "ఇంకా పవర్‌ఫుల్ ఇంజెక్షన్ వేద్దాం" అన్నారు. అక్కడితో లేచి వచ్చేశాం.

గుంటూరులో చూపించిన డాక్టరు గారు రిపోర్టు పక్కన పెట్టి అమ్మనే అడిగారు, "మూత్రానికి వెళ్తే మంటేమన్నా ఉందా అమ్మా?" అని. లేదంది. "అలాంటప్పుడు ఈ టెస్టు చేయకుండా ఉండాల్సింది" అన్నారు. డెబ్బై దాటిన ఆడవాళ్ళలో పదిమందిలో ఒకరికైనా ఏ బాధా లేకుండానే మూత్రంలో బ్యాక్టీరియా ఉంటుందట. తర్వాత ఎప్పుడైనా కీలు చీము పడితే అందులో దొరికేది మామూలుగా వేరే బ్యాక్టీరియా. ఇంటికొచ్చి వెతికాను. అమెరికా అంటువ్యాధుల వైద్యుల సంఘం 2019 మార్గదర్శకాల్లో కూడా ఇదే ఉంది: మూత్రనాళాలతో సంబంధం లేని ఆపరేషన్లకి, లక్షణాలు లేనివాళ్ళకి ఈ పరీక్ష చేయొద్దు, మందులు ఇవ్వొద్దు.

ఒక్క మాట, మా అమ్మ కథ చదివి అందరూ కల్చర్ మానేయకండి. ప్రోస్టేట్ ఆపరేషన్‌కీ, మూత్రనాళంలోకి గొట్టం పంపి రాళ్ళు తీసేవాటికీ ఇది కావాలి. గర్భిణులకీ చూడాలి. మంటో జ్వరమో ఉంటే చెప్పనే అక్కర్లేదు.

గుంటూరులోనే ఆపరేషన్ అయింది. తెనాలి రక్తపరీక్షలు, ఈసీజీ వాళ్ళకి సరిపోయాయి. కోత పెట్టే ముందు గంటలోపు సెఫజోలిన్ అనే యాంటీబయాటిక్ ఒక్క డోసు, అంతే. ఇంటికొచ్చేటప్పుడు యాంటీబయాటిక్ రాయలేదేమని నేనే కంగారుపడి అడిగాను (అలవాటైపోయింది కదా). ఆపరేషన్ ముగిశాక రోజుల తరబడి వాడినంత మాత్రాన ఇన్ఫెక్షన్లు తగ్గవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే చెప్పిందన్నారాయన. కుట్లు శుభ్రంగా మానాయి. అమ్మ ఇప్పుడు కర్ర లేకుండా గుడిదాకా నడుస్తోంది.

మీ చేతికి చీటీ వస్తే ఒక్కటి అడగండి: "ఈ టెస్టు పాజిటివ్ వస్తే ఏం చేస్తారు, నెగెటివ్ వస్తే ఏం చేస్తారు?" మేం అడ్వాన్సు కట్టే ముందే అడగాల్సింది. ఆ 20,000లో టెస్టులవీ ఇంజెక్షన్లవీ పోను 4,300 తిరిగి రావాలి. మూడుసార్లు వెళ్ళాను, అకౌంట్స్ ఆయన సెలవులోనే ఉన్నాడు.