రోమన్ వడిసెల: మూడేళ్లు వాడాక

చిన్నప్పుడు మా తాతయ్య జొన్నచేలో మంచెక్కి వడిసెల తిప్పితే పిట్టలు గుంపుగా లేచిపోయేవి. ఎడిన్‌బర్గ్ వచ్చాక బర్న్స్‌వార్క్ కొండ గురించి చదువుతుంటే అదే గుర్తొచ్చింది. స్కాట్లాండ్ దక్షిణాన ఉన్న ఆ కొండకోట దగ్గర రోమన్ సైన్యం వడిసెలతో విసిరిన సీసపు గుండ్లు వందలకొద్దీ దొరికాయి. వయసు సుమారు 1,900 ఏళ్లు. వాటిలో కొన్ని చిన్న గుండ్లకు 5 మి.మీ. బెజ్జం ఉంది. పరిశోధకుడు జాన్ రీడ్ బృందం అలాంటివే చేయించి విసిరి చూస్తే, గాలిలో జుమ్మని మోగాయి. అది విన్నాక నేనూ ఆగలేకపోయాను.

మొదటి వడిసెల ఆన్‌లైన్‌లో కొన్నాను. ఆరు నెలలు బాగానే ఉంది. ఒకరోజు తిప్పుతుండగా తోలు పట్టీ దగ్గర కుట్టు తెగి, రాయి వెనక్కి ఎగిరింది. అదృష్టం, అటువైపు ఎవరూ లేరు. ఆ తర్వాత అవిసె నారతో నేనే అల్లుకున్నాను. ఇప్పటికీ అదే వాడుతున్నాను. వానలో తడిస్తే రెండు తాళ్లూ సమానంగా సాగవు, గురి పాడవుతుంది. ఆరాక మళ్లీ కొలిచి ముడి సరిచేసుకోవాలి. ఇంతకుమించి దానితో ఇబ్బంది లేదు.

గురి మాత్రం అంత తేలిగ్గా రాదు. తల మీదుగా విసిరేటప్పుడు వేళ్లు కాస్త ముందు వదిలితే గుండు ఆకాశంలోకి, కాస్త ఆలస్యమైతే నేలలోకి పోతుంది. ఏడాది పాటు గురిగా నిలబెట్టిన చెక్క బల్లకు తగిలిందే తక్కువ. ఇప్పుడు పాతిక మీటర్ల నుంచి మనిషంత బల్లకు పదిలో ఆరు తగులుతున్నాయి. స్పెయిన్ దగ్గరి బాలియారిక్ దీవుల్లో తల్లులు రొట్టెను గుంజకు పెట్టి, వడిసెలతో కొడితేగాని పిల్లలకు తిననిచ్చేవారు కాదని పాత రచయితలు రాశారు. ఆ మాట ఇప్పుడు నాకు అతిశయోక్తి అనిపించడం లేదు.

దెబ్బ ఎలా ఉంటుందో చూడాలని తడి బంకమట్టి దిమ్మ పెట్టాను. 50 గ్రాముల గులకరాయి పళ్లెంలాంటి గుంట చేసి కింద పడింది. అంతే బరువున్న సీసపు గుండు కనిపించనే లేదు. చిన్న రంధ్రం, దాని అంచులు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. వేలు పెడితే రెండో కణుపు దాకా వెళ్లాకగాని గుండు తగల్లేదు. ఒంట్లో దిగిన సీసపు గుండును ఎలా తీయాలో రోమన్ వైద్య రచయిత సెల్సస్ ఎందుకు రాయాల్సి వచ్చిందో అప్పుడు అర్థమైంది. చాలాసేపు మళ్లీ వడిసెల పట్టుకోబుద్ధి కాలేదు.

బెజ్జం గుండు సంగతి వేరు. స్నేహితుడు విసురుతుంటే నేను పక్కన మట్టిగట్టు వెనక కూర్చున్నాను. మామూలు గుండు వచ్చినట్టే తెలియదు, దెబ్బ చప్పుడే వినిపిస్తుంది. బెజ్జం గుండు తుమ్మెదలా మోగుతూ వస్తుంది. నాకు తగలదని తెలిసినా మెడ దానంతటదే వంగిపోయింది. ఒక్కో గుండుకూ బెజ్జం పెట్టడానికి సైనికులు అంత ఓపిక పట్టారంటే, అది భయపెట్టడానికే అని నా నమ్మకం. తాతయ్య చేలో కూడా రాయి తగిలిన పిట్టను నేను చూడలేదు, తాడు ఛెళ్లుమన్న శబ్దానికే అవి లేచిపోయేవి.

కొనాలనుకుంటే కుట్టినది కాకుండా ఒకే అల్లికగా ఉన్నది చూడండి. మొదటి ఏడాది మట్టి ఉండలే చాలు. గాలియా (నేటి ఫ్రాన్స్, బెల్జియం ప్రాంతం) యుద్ధంలో నెర్వీ తెగవాళ్లు ఎర్రగా కాల్చిన వేడి మట్టి ఉండలతోనే రోమన్ శిబిరంలోని గడ్డి కప్పులు తగలబెట్టారు. సీసం విషం కాబట్టి చేతికి తొడుగులుండాలి, విసిరిన ప్రతి గుండూ లెక్కపెట్టి ఏరుకోవాలి. బర్న్స్‌వార్క్ మీద మాత్రం ఒక్క రాయి కూడా విసరకండి. అది రక్షిత స్థలం, అక్కడి నేలలో ఇంకా అసలు గుండ్లున్నాయి.