పిట్స్‌బర్గ్ గుడి నుంచి అల్లెఘెనీ కొండల దాకా: పెన్సిల్వేనియా తొలి రైలు దారులు ఎలా చూడాలి

పెన్‌హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడికి వచ్చినవాళ్లు ఇంకో రోజు కలుపుకుంటే 22వ నంబరు రోడ్డు మీద తూర్పుకు దాదాపు గంటన్నరలో క్రెసన్ చేరవచ్చు. ఎక్కువమంది నేరుగా హార్స్‌షూ కర్వ్‌కి, అంటే ఆల్టూనా దగ్గర గుర్రపు నాడా ఆకారంలో తిరిగే రైలు మలుపుకి పోతారు. ముందు అల్లెఘెనీ పోర్టేజ్ రైల్‌రోడ్ చూస్తేనే ఆ మలుపు ఎందుకు తవ్వారో అర్థమవుతుంది. పోర్టేజ్ చూడ్డానికి ప్రవేశం ఉచితం.

1834లో మొదలైన ఈ 36 మైళ్ల దారి హాలిడేస్‌బర్గ్, జాన్స్‌టౌన్ కాలువలను కొండ మీదుగా కలిపింది. కొండకు అటు 5, ఇటు 5 ఏటవాలు మార్గాలు. ఒక్కోదాని పైన ఇంజన్ ఇల్లు, అందులో రెండు ఆవిరి ఇంజన్లు: ఒకటి నడుస్తుంటే రెండోది అదనం. అవి మోకుతో బండ్లను పైకి లాగేవి. నార మోకులు అరిగి తెగిపోయేవి, బండ్లు వెనక్కి జారిపోయేవి. 1842లో జాన్ రోబ్లింగ్ ఇనుప తీగల మోకు తెచ్చాకే ఆ బెడద తగ్గింది. ఆరో నంబరు ఇంజన్ ఇంటి నమూనా, పక్కనే పాత సత్రం లెమన్ హౌస్, నేలలో మిగిలిన రాతి స్లీపర్లు: వీటికి రెండు గంటలైనా కేటాయించాలి. స్టేపుల్ బెండ్ సొరంగం వేరే చోట, జాన్స్‌టౌన్ వైపు ఉంది. 901 అడుగుల పొడవు, అమెరికాలో తొలి రైలు సొరంగం. పార్కింగ్ నుంచి సుమారు 2 మైళ్లు నడవాలి. లోపల దీపాలుండవు, టార్చి తప్పనిసరి.

ప్రతి వాలు దగ్గరా బండ్లను మోకుకు కట్టడం, విప్పడం. జాప్యమంతా అక్కడే. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ ఇంజనీర్ ఎడ్గర్ థామ్సన్ అందుకే లోయ చుట్టూ పట్టాలు తిప్పి, మామూలు ఇంజనే ఎక్కగలిగేలా వాలు తగ్గించాడు. 1854 ఫిబ్రవరిలో హార్స్‌షూ కర్వ్ తెరుచుకుంది. మూడేళ్లకే పోర్టేజ్ మూతపడింది. చూసే చోటికి 194 మెట్లు. కొండ ఎక్కించే చిన్న బండి ఉంది కానీ అన్నివేళలా నడవదు, పెద్దవాళ్లుంటే ముందే ఫోన్ చేయండి. చలికాలంలో పార్కు మూసేస్తారు. గూడ్సు రాకపోతే చూడ్డానికి ఏమీ ఉండదు, తొందరపడకండి. వెనక నుంచి తోసే ఇంజన్లతో బండి ఎక్కడమే అసలు దృశ్యం.

ఆల్టూనా ఊరే 1849లో రైల్వే కట్టుకున్నది. అక్కడి రైల్‌రోడర్స్ మ్యూజియం కార్మికుల బతుకును చూపించే తీరు మాకు బాగా నచ్చింది. పిట్స్‌బర్గ్ నుంచి ఆమ్‌ట్రాక్ వాళ్ల ప్రయాణికుల రైలు ‘పెన్సిల్వేనియన్’ ఉదయం తూర్పుకు, సాయంత్రం పడమరకు వెళ్తుంది. మలుపు కనబడాలంటే వెళ్లేటప్పుడు కుడివైపు, వచ్చేటప్పుడు ఎడమవైపు కూర్చోవాలి. స్టేషన్ నుంచి కర్వ్‌కి టాక్సీ ముందే మాట్లాడుకోవాలి.

జాన్స్‌టౌన్‌లో కాంబ్రియా ఐరన్ కంపెనీ 1867లోనే బెస్సెమర్ ఉక్కు (కరిగిన ఇనుములోకి గాలి ఊది చేసే ఉక్కు) పట్టాలు తయారుచేసింది. అక్కడి కొండబండి చాలాకాలం మరమ్మతుల్లో ఉంది. నడుస్తోందో లేదో కనుక్కున్నాకే బయల్దేరండి.

బసకు ఆల్టూనా, ఎబెన్స్‌బర్గ్ హోటళ్లు నయం. క్రెసన్, గాలిట్జిన్‌లలో పట్టాల పక్క బసలు రైలు పిచ్చి ఉన్నవాళ్లకే: రాత్రంతా గూడ్సు బండ్ల మోతే. శాకాహారులు తిండి పిట్స్‌బర్గ్‌లోనే కట్టించుకోవడం మంచిది.