టమాటా పగలకుండా: మల్చింగా, దోరగా కోసేయడమా?

బెంగళూరులో మేడ మీద టమాటా పెంచే మనవాళ్ళకి మే వచ్చిందంటే ఇదే గోల, పొద్దంతా ఎండకి కుండీ మట్టి పొడిబారిపోయి సాయంత్రం ఒక్కసారిగా వాన దంచితే వేర్లు గబగబా నీళ్ళు లాగేస్తాయి, లోపల గుజ్జు ఉబ్బినంత స్పీడుగా తొక్క సాగదు, ఇంకేముంది, తొడిమ దగ్గర్నుంచి కిందకి చీలికలు.

మల్చింగ్ అంటే మట్టి మీద ఎండుటాకులో కొబ్బరి పీచో 2, 3 అంగుళాల మందాన పరచడం, కాండానికి మాత్రం ఆనించొద్దు. రోజూ పొద్దున్నే నీళ్ళు పోస్తూ ఇది కూడా చేస్తే మట్టిలో తేమ ఒకేలా ఉంటుంది, మామూలు రోజుల్లో చాలావరకు ఇదే చాలు. కానీ గంటసేపు కుండపోత పడితే ఆకులు ఏం ఆపుతాయి చెప్పండి!

అప్పుడే రెండోది, అంటే దోరగా కోసేయడం, నాకు బాగా నచ్చుతుంది. కాయ అడుగు భాగంలో ఆకుపచ్చ పోయి లేత గులాబీ రంగు తొంగిచూస్తుంది చూడండి, అప్పుడు కోసేసినా పర్లేదు, కాయలోనే పుట్టే ఇథిలీన్ అనే వాయువు వల్ల వంటింట్లో గట్టు మీదే ఎర్రగా పండిపోతుంది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, చల్లదనానికి సరిగ్గా పండదు. చెట్టునే పండినదానికున్నంత రుచి రాకపోవచ్చు గానీ పప్పులోకి, పచ్చడిలోకి తేడా తెలీదు.

మబ్బు పట్టిందంటే నేనైతే ముందు రంగు తిరిగినవన్నీ కోసేస్తా, పూర్తి పచ్చివి మల్చింగ్ మీద భారం వేసి వదిలేస్తా. అప్పటికే పగిలినవి ఉంటే అదే రోజు చారులో వేసేయండి, ఆ చీలికలో బూజు తొందరగా పడుతుంది.