తరుగుదల పద్ధతి మారిస్తే: వెనక్కి లెక్కా, ముందుకు లెక్కా?

తాడిపత్రిలో ఒక నాపరాళ్ల పాలిష్ యూనిట్ అనుకోండి. 10 లక్షల మెషీన్‌కు మూడేళ్లు తగ్గే విలువ మీద, అంటే ఏటా మిగిలిన విలువ మీద, 15 శాతం తరుగుదల (వాడకంతో తగ్గే విలువను ఖర్చుగా చూపడం) రాస్తే పుస్తకాల్లో 6,14,125 మిగిలింది. ఇకపై పద్ధతి మార్చి ఏటా సమానంగా రాయాలి. మొత్తం ఆయుష్షు పదేళ్లు, తుక్కు విలువ సున్నా.

పాత ఏఎస్ 6 (ఏఎస్ అంటే అకౌంటింగ్ స్టాండర్డ్, లెక్కలు రాసే ప్రమాణం) ప్రకారమైతే మొదటి ఏడాది నుంచీ తిరగరాయాలి. విలువ 7 లక్షలవుతుంది, తేడా 85,875 ఆ ఏడాది లాభంలో చేరుతుంది. ఒక్క బండ కూడా అదనంగా పాలిష్ చేయకుండానే లాభం పెరిగినట్టు కనిపిస్తుంది. అప్పిచ్చే బ్యాంకుకు ఇది తప్పుదారి చూపిస్తుందని నా గట్టి అభిప్రాయం.

2016లో సవరించిన ఏఎస్ 10 పాత లెక్క జోలికి పోదు. 6,14,125ను మిగిలిన ఏడేళ్లకు పంచితే ఏటా సుమారు 87,732. నాకు ఇదే సబబు. అయితే మెషీన్ వాడకం తీరు నిజంగా మారితేనే పద్ధతి మార్చాలి.

ఇన్‌కమ్ టాక్స్‌కు మాత్రం తగ్గే విలువ లెక్కే కొనసాగుతుంది.